అడుగేస్తే దిగే ఇల్లు

"మూడు పళ్ళ చక్రాలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి. మొదటిది కుడివైపు తిరిగితే మూడోది ఎటు తిరుగుతుంది?"

"కుడివైపే!" అంది పిడుగు. భుజం మీది బడి సంచి ఇంకా దించనైనా లేదు.

తాళ్ళ తాతయ్య సుద్దముక్క తీసి గోడ మీద ఇంకో గీత గీశాడు. "పంతొమ్మిది," అన్నాడు. "వరసగా పంతొమ్మిది! బుర్రా, బొంగరమా అది?"

ఆ అమ్మాయికి బళ్ళో వేరే పేరుంది గానీ ఆ నాటకాల హాల్లో మాత్రం అందరూ పిడుగు అనే పిలిచేవారు. అమ్మ ఆ హాలు వెనక షెడ్డులో నాటకాలకి తెరలు గీసేది. కొండలు, కోటలు, సముద్రాలు, ఏది కావాలంటే అది. పిడుగు బడి వదలగానే అక్కడికి వచ్చి, అమ్మ పని అయ్యేదాకా వేదిక వెనక తాతయ్య దగ్గర కూర్చునేది.

తాతయ్య అంటే సొంత తాతయ్య కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ హాల్లో తెరలు ఎత్తి దించే మనిషి. రోజుకొక ప్రశ్న అడగడం ఆయనకి సరదా. కప్పీలు, మీటలు, చక్రాలు, బరువులు, అన్నీ అలాంటివే. ఖాళీ డబ్బా, ఇసుక నిండా కూరిన డబ్బా ఒకే వాలు మీద దొర్లిస్తే ఏది ముందు కిందికి చేరుతుంది? మీరూ చెప్పండి చూద్దాం. పిడుగు చెప్పేసింది, ఇసుక డబ్బా అని.

ఇరవై ప్రశ్నలకి వరసగా సరైన జవాబు చెబితే శనివారం పిల్లల నాటకంలో వేదిక ముందు తెర లాగే అవకాశం పిడుగుదే. అలా అని తాతయ్య మాటిచ్చాడు.

ఇక ఆ వేదిక వెనక ఎలా ఉంటుందో చెప్పాలి. బయట నాలుగు గంటల ఎండ కళ్ళు చెదరగొడుతున్నా, అక్కడ మాత్రం ఎప్పుడూ చీకటే. ఒకే ఒక్క బల్బు. తలెత్తితే కప్పు కనిపించదు. ఇరవై రెండు తాళ్ళు పైకి పోయి పోయి ఆ చీకట్లో కలిసిపోతాయి. ఎవరూ ముట్టుకోకపోయినా పైన ఎక్కడో ఒక కప్పీ ఉండుండి 'కిర్ర్' మంటుంది.

"ఎవరు తాతయ్యా అక్కడ?" అని పిడుగు మొదట్లో అడిగేది.

"గాలి."

"తలుపులన్నీ మూసుంటే లోపలికి గాలి ఎలా వస్తుంది?"

"అదీ అడగాల్సిన ప్రశ్నే," అని నవ్వేవాడు తాతయ్య. జవాబు మాత్రం చెప్పేవాడు కాదు.

ఒక్కో తాడుకి ఒక్కో తెర. తాడు ఒక కొసకి బొమ్మ తెర వేలాడుతుంది. రెండో కొస పైనున్న కప్పీ మీదుగా ఇటు పక్కకి దిగుతుంది. దానికి ఒక ఇనప కొక్కెం, కొక్కేనికి ఇసుక సంచులు. తెర ఎంత బరువో సంచులూ అంతే బరువు. అందుకే గోడంత తెరనైనా తాతయ్య ఒంటి చేత్తో పైకి పంపేసేవాడు. పంపి, కొక్కెం కింద వేలాడే మిగతా తాడుని నేలలో పాతిన చెక్క గుంజకి ఒక్క చుట్టు చుట్టి వదిలేసేవాడు. ముడి వేసేవాడు కాదు.

"సమంగా తూగేదానికి ముడెందుకే? తూకం రానివాడికి కావాలి ముళ్ళు," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మీసం కాస్త పైకి లేచేది.

"ఇక ఇరవయ్యోది విను," అన్నాడు ఆ బుధవారం. "అదిగో, మీ అమ్మ గీసిన పాత ఇంటి తెర. పైకెత్తి పెట్టాను. ఇటు ఏడు సంచులు కట్టాను. సమంగా తూగుతోంది. ఇందులో అన్నిటికంటే చిన్న సంచి ఒకటి తీసేశామనుకో. ఏమవుతుంది? రేపు చెప్పు. కాగితం మీద గీసుకో, బుర్రలో తిప్పుకో. తాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు."

అని టీ తాగడానికి బయటికి వెళ్ళాడు.

పిడుగు తలెత్తి ఆ తెరని చూసింది. రెండంతస్తుల పాత ఇల్లు. పదకొండు కిటికీలు. పదకొండింట్లోనూ చీకటే. ఏ కిటికీలోనూ అమ్మ మనిషి బొమ్మ గీయలేదు. అయినా కాసేపు చూస్తే లోపల ఎవరో నిలబడి ఇటే చూస్తున్నట్టు ఉంటుంది. పిడుగు చూపు తిప్పేసుకుంది.

'ఒక సంచి తీస్తే తెర బరువెక్కువవుతుంది. కిందికి వచ్చేస్తుంది. అంతే కదా? కానీ తాతయ్య అంత తేలిక ప్రశ్న అడగడే! అందులోనూ ఇరవయ్యోది...'

గోడ మీద పంతొమ్మిది గీతలు. ఒక్కటి తప్పితే మళ్ళీ మొదటి నుంచి.

పిడుగు అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. సంచులు సరిగ్గా తన నడుం ఎత్తున వేలాడుతున్నాయి. లెక్కపెట్టింది. ఏడు. చిన్న సంచిని రెండు చేతులతో పట్టుకుని, తెర కదిలితే వెంటనే మళ్ళీ తగిలిద్దామని సిద్ధంగా ఉండి, మెల్లగా కొక్కెం నుంచి తప్పించింది.

ఏమీ కాలేదు.

ఊపిరి బిగబట్టి పది దాకా లెక్కపెట్టింది. తెర అంగుళం కూడా కదల్లేదు.

"ఏమీ కాదు! అదీ జవాబు!" అనుకుంది. సంతోషం పట్టలేక గెంతబోయింది. ఇంతలో తలుపు దగ్గర తాతయ్య చెప్పుల చప్పుడు.  పక్కనే నాటకంలో రాజు కూర్చునే సింహాసనం ఉంది. దాని చుట్టూ నేలదాకా ఎర్రగుడ్డ వేలాడుతోంది. సంచిని ఆ గుడ్డ లోపలికి, సింహాసనం అడుగు పలక మీదికి తోసేసింది.

'రేపు మళ్ళీ తగిలించేస్తే సరి. ఏమీ కాలేదు కదా.'

మర్నాడు పిడుగు వచ్చేసరికి తాతయ్య లేడు. ముందు తెర తాడు అరిగిందని, దాన్ని విప్పి తీసుకెళ్ళి హాలు అటు చివర బాగుచేస్తున్నాడట. మంచిదే అనుకుంది పిడుగు. సంచి తగిలించేద్దామని వచ్చి చూస్తే సింహాసనం అక్కడ లేదు! రిహార్సల్ కోసం దాన్ని వేదిక నడిమధ్యకి తీసుకెళ్ళిపోయారు.

సరే, వెళ్ళి తెద్దామని తిరిగింది. తిరిగి, ఆగిపోయింది.

ఇసుక సంచులు నిన్న తన నడుం ఎత్తున ఉన్నాయి. ఇవాళ గుండెల ఎత్తున ఉన్నాయి.

'నేను పొట్టి అయిపోయానా?' అనుకుంది. ఆ ఆలోచనకి నవ్వు రాబోయి ఆగిపోయింది. తలెత్తి చూసింది. నిన్న ఇంటి గడప పైన మసకమసకగా మాత్రమే కనిపించింది. ఇవాళ గడప స్పష్టంగా కనిపిస్తోంది. గడప కింద తెరకి బిగించిన పొడవాటి కర్ర కూడా కనిపిస్తోంది.

వేదిక ఖాళీగా ఉంది. పిడుగు సింహాసనం వైపు ఒక అడుగు వేసింది. కింద చెక్క పలక గట్టిగా మోగింది.

కిర్ర్.

ఆగింది. శబ్దమూ ఆగింది.

ఇంకో అడుగు. కిర్ర్.

ఈసారి తల మాత్రం తిప్పి పైకి చూసింది. కర్ర అక్కడే ఉంది. కదలకుండా ఉంది. ఎంతసేపు చూసినా కదల్లేదు. 'నా భ్రమ' అనుకుని అడుగు తీసి అడుగు వేసింది. కిర్ర్... చూస్తుండగానే ఇల్లు వేలెడు కిందికి దిగింది.

తను ఆగితే అదీ ఆగుతోంది. తను నడిస్తే అదీ కదులుతోంది. పదకొండు కిటికీలూ ఇటే చూస్తున్నాయి.

పిడుగు ఒళ్ళు జలదరించింది. సంచి లేదు, సింహాసనం లేదు, ఒక్క పరుగు తీసింది. పరిగెత్తినంతసేపూ వెనక కిర్ర్, కిర్ర్, కిర్ర్ అంటూనే ఉంది. వెనక్కి తిరిగి చూడకుండా షెడ్డులో అమ్మ దగ్గరికి వెళ్ళి పడింది.

"అమ్మా! నువ్వు గీసిన ఇల్లు నా వెంట పడుతోంది!"

అమ్మ కుంచె దించకుండానే, "నేను దానికి కాళ్ళు గీయలేదే!" అంది. "పో, ఆ నీలం రంగు డబ్బా ఇటు అందుకో."

ఇలాంటప్పుడు పెద్దవాళ్ళకి చెప్పి లాభం లేదు.

అయిదింటికి రిహార్సల్ మొదలైంది. పిడుగు ఈసారి వేదిక ఎక్కలేదు. కింద ప్రేక్షకుల కుర్చీల్లో, మొదటి వరసలో ముడుచుకుని కూర్చుంది. సింహాసనం మీద రాజు. వెనక పన్నెండు మంది సైనికులు. ఇంటి తెర దించే సీను ఇంకా చాలా దూరం ఉంది. అది పైన ఉందని కూడా ఎవరికీ గుర్తు లేదు.

సైనికులు కవాతు మొదలుపెట్టారు. ఎడమ, కుడి. ఎడమ, కుడి. వేదిక దడదడలాడింది.

వాళ్ళ తలల పైన, చీకట్లోంచి, ముందు గడప వచ్చింది. తరవాత తలుపు. తరవాత కింది అంతస్తు కిటికీలు. అడుగుకి ఇంత, అడుగుకి ఇంత. కవాతు చప్పుడులో కప్పీ చప్పుడు ఎవరికీ వినపడలేదు. పిడుగు అరుద్దామని నోరు తెరిచింది. మాట రాలేదు.

కర్ర వచ్చి రాజు కిరీటానికి తగిలింది. కిరీటం కిందపడి దొర్లుకుంటూ పోయింది. రాజు తలెత్తి చూసి కెవ్వుమన్నాడు.

అందరూ నిలబడిపోయారు. ఇల్లూ నిలబడిపోయింది.

ఒక సైనికుడు వెనక్కి ఒక్క అడుగు వేశాడు. కిర్ర్ మంటూ ఇల్లు ఇంకాస్త దిగింది.

"కదలకండి!" అన్నాడు రాజు సన్నని గొంతుతో. సింహాసనంలో తలకాయ భుజాల్లోకి దూర్చేసుకున్నాడు. "ఎవరూ కదలకండి! మనం కదిలితేనే అది కదులుతోంది!"

పదమూడు మంది ఆ ఇంటి కింద ఉన్నచోటే బిగుసుకుపోయి నిలబడ్డారు. ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయడం లేదు.  

అప్పుడు హాలు అటు చివర నుంచి తాతయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. వేదిక ఎక్కి తాడుని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలాడు. "జరగండి! అందరూ బయటికి!" అని అరిచాడు. అందరూ బతుకుజీవుడా అని దూకేశారు.

మేనేజరు గారు గదిలోంచి వచ్చేసరికి తాతయ్య తెరని మొత్తం కిందికి దించి, కప్పీకి అటు పక్క నిచ్చెన వేసుకుని సంచులు లెక్కపెడుతున్నాడు. ఒకసారి లెక్కపెట్టాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఆరే ఉన్నాయి," అన్నాడు.

"ఎన్ని ఉండాలి?" అన్నారు మేనేజరు గారు.

"ఏడు. ఏడు కట్టాను." తాతయ్య ఆగాడు. "ఏడు కట్టాననే అనుకున్నాను."

 తాతయ్య ఆ ఆరు సంచుల వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు.

పిడుగు దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నిలబడింది. 'నేను సంచి తీసినప్పుడు ఏమీ కాలేదు,' అని తనకి తాను చెప్పుకుంది. 'కళ్ళారా చూశాను. పది దాకా లెక్కపెట్టాను. కాబట్టి ఇది సంచి వల్ల కాదు. ఇది ఇంకేదో.' ఆ ఇంకేదో ఏమిటో తలుచుకుంటే మళ్ళీ భయం వేస్తోంది. అయినా నిజం చెప్పడం కంటే అదే నయమనిపించింది.

ఇక చూడండి, హాల్లో ప్రతి గదిలోనూ అదే మాట.

మేకప్ మామయ్య, "ఈ హాల్లో ఏదో ఉంది. నేను ముందు నుంచీ చెబుతూనే ఉన్నా," అన్నాడు. ఆయన ముందు ఎప్పుడూ చెప్పలేదు.

దర్జీ అత్త, "దెయ్యమూ లేదు, భూతమూ లేదు. పెద్దాయనకి మతిమరుపు వచ్చింది. మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని హాలంతా వెతికాడు," అంది.

అంతే. అందరికీ ఏదో ఒకటి గుర్తొచ్చింది. టీకి వెళ్ళి గొడుగు మర్చిపోయాడని ఒకరు. నన్ను వేరే పేరు పెట్టి పిలిచాడని ఒకరు. గోరంతలు కొండంతలయ్యాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదారిలో అమ్మ మెల్లగా చెప్పింది. "శనివారం నాటకం అయ్యాక తాతయ్యని మానిపించేస్తారట. వేరే మనిషిని పెడతారట. పాపం, తెర కింద ఎవరికైనా దెబ్బ తగిలుంటే?"

పిడుగు మొహం వాడిపోయింది. "జ్వరమా?" అంది అమ్మ. కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది పిడుగు.

శుక్రవారం. బళ్ళో లెక్కల పీరియడ్. పిడుగు బోర్డు వైపు చూడటం లేదు. డెస్కు మీద అట్లాసుని పుస్తకాల దొంతరకి వాల్చి పెట్టింది. దాని మీద రబ్బరు ఉంది. జారి పడేంత వాలు ఉంది గానీ రబ్బరు పడటం లేదు. అలాగే ఉంది.

పక్క సీటులో కూర్చునే కుర్రాడికి డెస్కు మీద దరువు వేసే అలవాటు. వాడిని క్లాసంతా ఢంకా అనేవారు. ఢంకా వేళ్ళతో డెస్కు మీద ఒక్క దరువు వేశాడు.

రబ్బరు కాస్త జారింది. ఆగింది.

ఇంకో దరువు. ఇంకాస్త జారింది. ఆగింది.

పిడుగు కళ్ళార్పకుండా చూసింది. "మళ్ళీ కొట్టు," అంది. వాడు కొట్టాడు. రబ్బరు జారింది. కొట్టడం ఆపాడు. రబ్బరు ఆగింది.

డెస్కు అదిరితే రబ్బరు దిగుతోంది. నేల అదిరితే...

"ఏమిటే ఆ మొహం? దెయ్యాన్ని చూసినట్టు?" అంది టీచరు.

"దెయ్యం ఎవరో తెలిసింది టీచర్," అంది పిడుగు. క్లాసంతా నవ్వింది. పిడుగు నవ్వలేదు. ఎందుకంటే ఇప్పుడు నిన్నటికంటే ఎక్కువ భయం వేస్తోంది. కిటికీల్లో ఎవరూ లేరు. ఆ పదమూడు మంది నెత్తి మీదికి ఇంటిని దించింది తనే.

బడి వదిలాక హాలుకి వెళ్ళేసరికి వేదిక వెనక తాతయ్య ఒక్కడే ఉన్నాడు. బల్బు కింద నేల మీద ఆ ఆరు సంచులూ, కొత్తగా నింపిన ఏడోదీ పరిచి ఉన్నాయి. ఒక్కో సంచి మీద సుద్దతో అంకె రాసుకుంటున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఏడు దాకా రాసి, మళ్ళీ మొదటికి వచ్చి వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. తరవాత జేబులోంచి కాగితం తీసి 'ఏడు' అని రాసుకున్నాడు. తరవాత మళ్ళీ లెక్కపెట్టాడు.

తాతయ్య అలా లెక్కపెట్టడం పిడుగు ఎప్పుడూ చూడలేదు. చీకట్లో కర్ర కిందికి దిగినప్పుడు కూడా పిడుగుకి ఇంత భయం వేయలేదు.

"వచ్చావా?" అన్నాడు తలెత్తకుండా. "ఒక మాట చెప్పు. బుధవారం నీకో ప్రశ్న ఇచ్చాను కదూ? సంచి తీస్తే ఏమవుతుందని?"

"ఆఁ తాతయ్యా."

"నిజంగానే ఇచ్చానా? ఇచ్చాననుకుంటున్నానా?"

పిడుగు ఇక ఆగలేకపోయింది. బడి సంచి కింద పడేసింది. వేదిక మీదికి పరిగెత్తి, సింహాసనం చుట్టూ ఉన్న ఎర్రగుడ్డ ఎత్తి, కింద చెయ్యి పెట్టి లాగింది. ఆ చిన్న సంచిని రెండు చేతులా పట్టుకొచ్చి తాతయ్య ముందు పెట్టింది.

"మీరు ఏడే కట్టారు తాతయ్యా. ఒకటి నేను తీశాను."

తాతయ్య సంచి వంక చూశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

"ఏడే కట్టానా?"

"ఏడే. తీసే ముందు నేను లెక్కపెట్టాను కూడా."

"ఏడే కట్టాను!" తాతయ్య స్టూలు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని పిడుగు దగ్గరికి వెళ్ళింది. నవ్వుతున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని నవ్వుతున్నాడు. "ఏడే కట్టానే! వింటున్నావా? నేను మర్చిపోలేదు!"

పిడుగుకి అప్పుడు ఏడుపు వచ్చింది. తను తీసింది ఒక్క ఇసుక సంచే అనుకుంది ఈ రెండ్రోజులూ.

కాసేపటికి తాతయ్య కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వు పోయింది. "తెర కింద మనుషులున్నారు," అన్నాడు. "ఆ కర్ర ఇంకో రెండడుగులు దిగి ఉంటే? తాళ్ళ జోలికి వెళ్ళొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"పోనీ తీశావు. నిన్న నేను ఆరే అన్నప్పుడు ఎందుకు నోరు విప్పలేదు?"

"తీసినప్పుడు ఏమీ కాలేదు తాతయ్యా. అందుకని అది దాని వల్ల కాదనుకున్నా. తరవాత... భయమేసింది."

"నాకూ వేసింది," అన్నాడు తాతయ్య. "నా బుర్రని తలుచుకుని. రాత్రంతా కూర్చుని మా ఊళ్ళో చిన్నప్పటి స్నేహితుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకున్నాను, ఏది మర్చిపోయానో చూద్దామని."

పిడుగు తల దించుకుంది.

"నీ ప్రయోగం తప్పు కాదు. పది దాకా లెక్కపెట్టి ఆపేశావు, అదే తప్పు," అన్నాడు కొంచెం మెత్తబడి. "గుంజకి చుట్టిన చుట్టు దగ్గర రాపిడి ఉంటుంది. పైన కప్పీ దగ్గర కొంచెం ఉంటుంది. చిన్న సంచి బరువుని అది పట్టుకుని ఆపగలదు. నేల అదిరినప్పుడు మాత్రం ఆ పట్టు ఒక్క క్షణం సడలుతుంది. తాడు కాస్త జారుతుంది. మళ్ళీ పట్టుకుంటుంది."

"రబ్బరులా," అంది పిడుగు.

"ఏ రబ్బరు?"

చెప్పింది. తాతయ్య విని ఊఁ కొట్టాడు. తరవాత లేచి, వరసగా ఇరవై రెండు గుంజల దగ్గరికీ వెళ్ళి ఒక్కో తాడుకీ గట్టి ముడి వేశాడు. "ఇన్నేళ్ళూ ముడి వేయకపోవడం నా పొగరు. ఇది నా వంతు తప్పు," అన్నాడు. "శనివారం ముందు తెర కూడా నేనే లాగుతాను."

పిడుగు సరేనంది. అడిగే మొహం కూడా లేదు.

"పద. మేనేజరు గారికి చెబుదాం."

"మీరు రావద్దు తాతయ్యా. నేనే వెళ్తా."

మేనేజరు గారి గది తలుపు బరువుగా ఉంది. లోపల ఆయన కొత్త మనిషికి ఉత్తరం రాస్తున్నారు. పిడుగు బల్ల ముందు నిలబడి ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆయన ముందు కళ్ళెర్రజేశారు. రేపటి నుంచి వేదిక వెనకకి రావద్దని, అమ్మతో షెడ్డులోనే కూర్చోవాలని గట్టిగా చెప్పారు. తరవాత రాస్తున్న కాగితం వంక చూసుకున్నారు. "అయితే పెద్దాయన మర్చిపోలేదన్నమాట," అని దాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశారు.

అంతటితో పని అయిపోవాలి. పిడుగు బయటికి వచ్చింది. వరండాలో మేకప్ గది ముందు నుంచి వెళ్తుంటే లోపల మాట వినిపించింది. "...పాపం, వయసైపోయింది. సంచులు కట్టడం కూడా గుర్తుండటం లేదు..."

పిడుగు ఆగిపోయింది. నిజం గడప దాటేలోపు అబద్ధం ఊరంతా చుట్టి వస్తుందంటారు. ఆ మాట ఏయే గదులు తిరిగిందో పిడుగుకి తెలుసు. నిజాన్ని అది దానంతటదే తిరగమంటే తిరగదు.

తలుపు తట్టింది. "మామయ్యా, తాతయ్య ఏడు సంచులే కట్టారు. ఒకటి తీసింది నేను." మేకప్ మామయ్య చేతిలో పౌడరు డబ్బా అలాగే ఉండిపోయింది.

దర్జీ అత్త దగ్గరికి వెళ్ళింది. చెప్పింది. అత్త "ఓసి నీ అసాధ్యం కూలా!" అని బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. రాజు దగ్గరికి వెళ్ళింది. రాజు చాలాసేపు తిట్టాడు. పిడుగు నిలబడి అన్నీ వింది. పన్నెండు మంది సైనికులకి పన్నెండు సార్లు చెప్పక్కర్లేదు గానీ, ఇద్దరు బయట ఉన్నారంటే వెళ్ళి వాళ్ళకీ చెప్పింది. షెడ్డులో అమ్మకి చెప్పింది. అమ్మ కుంచె కింద పెట్టేసింది. పిడుగు మొహంలోకి చూసింది. అన్నింటికంటే అదే కష్టంగా ఉంది.

ఇక ఒక్కరే మిగిలారు. వీధి వైపు అద్దం వెనక కూర్చునే టికెట్ల బాబాయ్. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. కానీ ఆయన చెప్పేది మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. నిన్నటి నుంచీ వరసలో నిలబడ్డ ప్రతివాళ్ళకీ, "లోపల తెరలాయనకి మతి పోయింది, ముందు వరస టికెట్లు తీసుకోకండి," అని చెబుతూనే ఉన్నాడు.

శనివారం నాటకం కోసం వరస గేటు దాటి ఉంది. అందులో ఢంకా కూడా ఉన్నాడు, వాళ్ళ అమ్మ చెయ్యి పట్టుకుని. పిడుగుని చూసి చెయ్యి ఊపాడు. రేపు బళ్ళో అందరికీ తెలిసిపోతుంది. పిడుగు చెవులు వేడెక్కాయి. అద్దం దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, తాతయ్య ఏడు సంచులే కట్టారు. ఒకటి తీసింది నేను."

"ఆఁ? ఎన్ని టికెట్లు?"

"టికెట్లు కాదు బాబాయ్! తాతయ్య ఏమీ మర్చిపోలేదు! సంచి తీసింది నేను!"

"వినపడటం లేదమ్మా. గట్టిగా చెప్పు!"

వరసలో వాళ్ళు తొంగి చూస్తున్నారు. పిడుగు మెట్టెక్కింది. ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

"తాళ్ళ తాతయ్య ఏడు సంచులూ సరిగ్గానే కట్టారు! ఆయన ఏదీ మర్చిపోలేదు! ఒక సంచి దొంగతనంగా తీసి దాచింది నేను! తప్పు నాది!"

వరస మొత్తం ఇటు తిరిగింది. ఢంకా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వీధి అవతల సైకిలు తుడుచుకుంటున్నాయన కూడా తలెత్తాడు. టికెట్ల బాబాయ్ అద్దం పక్కకి జరిపి, తల బయటికి పెట్టి వరసకంతా వినపడేలా అన్నాడు. "విన్నారా? ఆయన ఏడూ కట్టాడట!"

లోపల గుంజల దగ్గర కూర్చున్న తాతయ్యకి కూడా ఆ మాట వినిపించింది. ఆయన లెక్క రాసుకున్న కాగితాన్ని జేబులోంచి తీసి, మడతలు విప్పకుండానే చించేశాడు.